రోజమ్మత్త నేర్పిన మాటలు

నిన్న పొద్దున్న ఆఫీస్ బస్సు ఇంకా సెక్టర్ ఫైవ్ చేరలేదు. అమ్మ ఫోన్.

"రోజమ్మొదిన పోయిందే" అంది. అంతే.

ఏ స్టాప్‌లో దిగిపోయానో కూడా గుర్తులేదు.

ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఇవాళ్టికీ తగ్గలేదు. సారీ, ఇది అందమైన నివాళి కాదు.

తెలియనివాళ్ళ కోసం: రోజమ్మ మా నాన్నకి అక్క. ఇక్కడే బెంగాల్లో, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉండేది. చర్చిలో పూజ ఇంగ్లీషులో, బెంగాలీలో. మా జపాలు తెలుగులో వినిపించే చోటు ఒక్కటే, ఆమె వంటగది.

సాయంత్రం చాప పరిచి క్వార్టర్స్ పిల్లలందర్నీ కూర్చోబెట్టేది. ఒకపక్క పప్పు ఉడుకుతూ ఉండేది. జ్ఞానస్నానం, జపమాల, చనిపోయాక ఆత్మలు శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలం... ఒక్కో మాటా నోరు తిరిగేదాకా పలికించేది. మాలో ఎవరికీ తెలుగు చదవడం సరిగ్గా రాదు. అంతా చెవితో నేర్చుకున్నదే.

మా తమ్ముడు పాపసంకీర్తనం అంటే పాపాల్ని పాటగా పాడాలనుకున్నాడు. మొదటిసారి ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోడానికి వెళ్ళి నిజంగానే రాగం తీశాడు. కేరళ ఫాదర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. మేమంతా పడీ పడీ నవ్వాం.

అత్త నవ్వలేదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. "సంకీర్తనమంటే దాసకుండా నోటితో సెప్పడంరా నాన్నా. రాగం అక్కర్నేదు" అంది.

అలాంటి మనిషిని ఏం చేశారో చెప్తాను.

ఆ మధ్య అత్త పక్కింటి పిల్ల స్టెల్లా, ఆమె దగ్గరే నేర్చుకుని, చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకోడానికి రెడీ అయింది. ముందు పిల్లల్ని ప్రశ్నలు అడుగుతారు. అడిగింది చర్చి కమిటీ పెద్దమనిషి. పేరు రాయను. ఆయనా తెలుగువాడే, ఆఫీసర్‌గా రిటైరయ్యాడు.

యూకరిస్ట్ అంటే ఏమిటని ఇంగ్లీషులో అడిగాడు. దివ్య సత్ప్రసాదం, యేసు శరీర రక్తాలు అని పిల్ల తెలుగులో చక్కగా చెప్పింది. ఆయనకి అర్థమైంది. అయినా, ఇంగ్లీషులో చెప్పడం నేర్చుకుని వచ్చే ఏడాది రమ్మన్నాడు.

ఆ రోజు కోసం మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర కుట్టించిన తెల్ల గౌను మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. మరుసటి ఏడాది పిల్ల ఇంగ్లీషు బట్టీపట్టి పాసయింది. అప్పటికి గౌను పొట్టిదైపోయింది.

స్టెల్లాని వెనక్కి పంపిన వారమే అత్త ఆయన ఇంటికి వెళ్ళింది.

"సర్చిలో మీకు నచ్చిన బాసలో సెప్పండి బాబూ. ఇంటికాడ పిల్లలు దేవుడితో ఏ బాసలో మాటాడాలో మీరు సెప్పకండి" అంది.

ఆయన ఊరుకుంటాడా? ఆమె దగ్గరికి పంపితే పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారని ప్రతి తల్లికీ చెప్పాడు. తల్లులు భయపడ్డారు. ఒక్కొక్కరే మానిపించారు.

అత్త మాత్రం చాప పరచడం మానలేదు. అమ్మ ఎప్పుడు వెళ్ళినా ఒక్కర్తే కూర్చుని జపమాల చెప్పుకుంటూ ఉండేదట.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర ఆయనే మైక్ తీసుకున్నాడు.

అవర్ బిలవ్డ్ తెలుగు టీచర్ అన్నాడు.

నా వల్ల కాలేదు. "ఆమె పాఠం ఆపించింది మీరే కదా అంకుల్" అన్నాను, అందరి ముందూ.

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అన్నాడు.

నేను ఇంకో మాట అనేలోపు అమ్మ జపమాల మొదలుపెట్టింది, తెలుగులో. పిల్లల్ని మానిపించిన ఆ తల్లులే గొంతు కలిపారు.

అప్పుడు ఆయన్ని చూశాను.

పెదాలు కదులుతున్నాయి. జపమాలలో పదే పదే వచ్చే మంగళవార్త జపం మొదటినుంచి చివరిదాకా వచ్చు ఆయనకి. ఒక్క మాట తడబడలేదు. ఆయనకీ చిన్నప్పుడు ఇంట్లో ఎవరో కూర్చోబెట్టి నేర్పే ఉంటారు.

తనకి దొరికింది స్టెల్లా లాంటి పిల్లలకి దొరక్కుండా చేశాడు. దీన్ని నేను క్షమించలేను. క్షమించమని ఎవరూ కామెంట్ పెట్టకండి.

వెళ్ళిరా అత్తా. కమిటీలు లేని చోట నెమ్మదిగా విశ్రమించు.