లేదంటే ఒప్పుకోని మనిషి

ఆవిడ ఇప్పుడు పొద్దున్నే కాఫీ వేడిగా తాగుతోంది. పదకొండేళ్ల తర్వాత మొన్ననే నాలుక కాలింది. అంతకుముందు ఆ భాగ్యం ఎక్కడిది? గ్లాసు చేతికందేలోగా ఆయన కుర్చీ లాగి, "ముందు నీ పేరు కొట్టవోయ్" అని కంప్యూటరు ముందు కూచోబెట్టేవారు. ఆవిడ ఐదో తరగతితో చదువుకు దణ్ణం పెట్టేసిన మనిషి. ఒక్క వేలితో అక్షరాలు వెతికి, పేరూ పాస్‌వర్డూ కొట్టేసరికి కాఫీ మీద మీగడ కట్టేది.

ఆయన పోయి రెండు నెలలు.

ఆయనకున్న చాదస్తం ఒక్కటే. ఎవరు 'లేదు' అన్నా ఒప్పుకునేవారు కాదు. "ఏమండీ, ఉప్పు డబ్బా లేదు" అని వంటింట్లోంచి కేకేస్తే చాలు, పేపరు మడిచి పక్కన పెట్టి విచారణ మొదలుపెట్టేవారు.

"లేదా? ఉండి అందట్లేదా? అందినా ముట్టుకోనివ్వట్లేదా?"

"ఉప్పు నన్నెందుకు ముట్టుకోనివ్వదండీ?"

"మూడూ మూడు జబ్బులోయ్. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే రోగి పోతాడు."

ఈలోగా కూర మాడేది. మాడిన కూర తింటూ కూడా ఆయన ఉప్పు సంగతే ఆలోచించేవారు.

ఒకసారి బస్సులో కండక్టరు "సీటు లేదండీ" అన్నాడు. ఇంకేముంది! "లేదా? ఉండి కనపడట్లేదా? ఉన్నా కూచోనివ్వట్లేదా?" కండక్టరు పాపం మర్యాదస్తుడు, నిజంగానే వెతికాడు. వెనక వరసలో ఒక సంచీ దర్జాగా కిటికీ పక్కన కూచుని ఉంది. దాన్ని లేపి ఆవిణ్ణి కూచోబెట్టారు. సంచీ తాలూకు మనిషి దారి పొడుగునా గుర్రుగా చూస్తూ ఉంటే, ఆవిడ దిగేదాకా తలెత్తలేదు.

ఈ జబ్బు ఆయనకు ఉద్యోగంలో అంటింది. ఆఫీసులో ఒక్కో ఫైలునూ ముక్కలు చేసి, నలభై కంప్యూటర్లలో తలో చోటా దాచి, అడిగినవాళ్లకు మాత్రం ఒకే బీరువాలో ఉన్నట్టు చూపించే ఏర్పాటు ఒకటి ఉండేది. ప్రోగ్రాం తెరవగానే "ఫైలు లేదు" అంటే అందరూ ఈయన దగ్గరికి పరుగెత్తేవారు. ఈయన ఆ మూడు ప్రశ్నలూ వేసి, ఏ ముక్క ఏ మూల అలిగి కూచుందో పట్టుకునేవారు. అక్కడ ఆయన్ని డాక్టరుగారు అనేవారట. ఇంట్లో ఏమనేవారో ఆవిడ ఇక్కడ రాయనివ్వదు.

ఆఫీసువాళ్లు పారేసిన మూడు పాత కంప్యూటరు పెట్టెలు తెచ్చి ఇంట్లోనూ అదే సంసారం పెట్టారు. ఒకటి మంచం కింద, ఒకటి చెప్పుల అరలో, ఒకటి వంటింట్లో పిండి డబ్బా వెనక. "ఇది కంప్యూటరు లోపలి గదిలో ఉండే రకం కాదోయ్, వసారాలో కూచునే రకం," అని అన్నం కలుపుతూ చెప్పేవారు. "ఎవరు తెరిస్తే వాళ్ల మాటే వింటుంది. రాజుగారొచ్చినా ఎవరు నువ్వంటుంది." ఆవిడ "ఊఁ" అనేది. ఆ 'ఊఁ' మజ్జిగ పొయ్యమంటారేమో అన్న ఆలోచనకు సంబంధించింది.

ఇంటి ఫొటోలన్నీ అందులోనే. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ కొలతలు కూడా. ఆమె పుస్తకం ఒకసారి వానలో తడిసి ముద్దయిందని ఆయనే అన్నీ ఎక్కించి పెట్టారు.

ఆ కుట్టే ఆవిడే మొన్న శుక్రవారం మెట్లెక్కి పరుగున వచ్చింది.

"వదినగారూ, ఇంకో పదిహేను రోజుల్లో బడి తెరుస్తారు. అరవైమంది పిల్లల యూనిఫారాలు. కొలతలన్నీ అన్నయ్యగారి దాంట్లోనే ఉన్నాయి. పిల్లల్ని మళ్లీ కొలుద్దామంటే ఒక్కరూ ఊళ్లో లేరు. ఇది తప్పితే ఆ బడివాళ్లు మళ్లీ నా మొహం చూడరు."

అదృష్టమో కాదో, అల్లుడు వచ్చి ఉన్నాడు. కంప్యూటర్లు అమ్మే దుకాణంలో పని. వేళ్లు విరుచుకుని కూచున్నాడు. కొలతల ప్రోగ్రాం తెరిచాడు, మూశాడు, తెరిచాడు.

"అత్తయ్యా, ఫైళ్లు లేవు. అంతా తుడిచేసి కొత్తగా పెట్టేస్తాను."

కుట్టే ఆవిడ గోడకు జారబడింది. అల్లుడి వేలు మీట మీదికి వెళ్లింది.

"లేవా బాబూ? ఉండి అందట్లేదా? అందినా ముట్టుకోనివ్వట్లేదా?"

అన్నది ఎవరా అని ముగ్గురూ చూశారు. ఆవిడే. సిగ్గేసి నోరు మూసుకుంది, కానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది.

అల్లుడు వేలు వెనక్కి తీశాడు. ఇంకేదో తెరిచి చూసి, "మూడు పెట్టెల్లో రెండే పలుకుతున్నాయి," అన్నాడు నెమ్మదిగా.

ఆవిడకు మూడోది ఏదో తట్టింది. వంటింట్లోకి వెళ్లి పిండి డబ్బా జరిపింది. ప్లగ్గులో మిక్సీ ఉంది. పెట్టె వైరు నేల మీద పడి ఉంది. రెండు నెలల కింద, ఇంటి నిండా జనం ఉన్నప్పుడు పీకింది తనేనని చెప్పడానికి సాక్షులు అక్కర్లేదు. "పీకవద్దు" అని ఆయన రాసి అంటించిన కాగితాన్ని మడిచి మిరియాల డబ్బా మూత కింద బిగించింది కూడా ఈ మహాతల్లే.

మిక్సీ తీసి వైరు పెట్టింది. పచ్చ దీపం వెలిగింది.

"మూడోది పలికింది!" అని అల్లుడు అరిచాడు. అంతలోనే గొంతు తగ్గింది. "కానీ ఇప్పుడు అనుమతి లేదంటోంది అత్తయ్యా. మావయ్యగారి పేరుతో అడిగాను, పొమ్మంది. సర్వాధికారాలున్న పేరుతో అడిగాను, దానికీ పొమ్మంది. ఇదెక్కడి విడ్డూరం?"

రాజుగారొచ్చినా ఎవరు నువ్వంటుంది. మజ్జిగ వేళ చెవిన పడిన మాట ఇన్నేళ్ల ఆలస్యంగా బుర్రకెక్కింది.

"మీరు కాస్త లేవండి బాబూ."

కూచుని, ఒక్క వేలితో తన పేరు కొట్టింది. పాస్‌వర్డు కొట్టింది. ఒక అక్షరం తప్పింది, మళ్లీ కొట్టింది. ప్రోగ్రాం తెరుచుకుంది. అరవైమంది పిల్లల ఛాతీలూ నడుములూ వరసగా నిలబడ్డాయి.

"అమ్మయ్య!" అని కుట్టే ఆవిడ అక్కడే చతికిలబడింది.

అల్లుడు మాత్రం తెర మీదికి వంగి చూస్తూనే ఉన్నాడు. "అత్తయ్యా, ఇదంతా మీ పేరు మీదే పెట్టారు. మావయ్యగారి దగ్గర దీని తాళమే లేదు. ఇన్నేళ్లూ ఆయన ఒక్క ఫొటో చూడాలన్నా మీరు తెరవాల్సిందే."

"అందుకా!" అంది కుట్టే ఆవిడ. "నేనెప్పుడొచ్చినా అన్నయ్యగారు, 'ఉండమ్మా, ఓనరుగారు స్నానానికి వెళ్లారు' అనేవారు. వేళాకోళం అనుకున్నాను."

పదకొండేళ్లు తనను గుమాస్తాను చేసి కాఫీ చల్లార్చారని తిట్టుకునేది ఆవిడ. చూస్తే గుమ్మం బయట కాఫీ గ్లాసుతో నిలబడింది ఆయనే. ఈ సంగతి ముందే తెలిసుంటే రెండు గ్లాసులు తెమ్మనేది.

భోజనాల దగ్గర అల్లుడు అటూ ఇటూ చూశాడు. "అత్తయ్యా, మిరియాలపొడి లేదా?" అని, తనే నవ్వేశాడు. "ఉండి అందట్లేదా? అందినా ముట్టుకోనివ్వట్లేదా?"

వంటింట్లో పచ్చ దీపం వెలుగుతోంది. మిక్సీ అటక మీద ఉంది. హాల్లో ఇంకో ప్లగ్గు ఉంది, పొడి కొట్టడం అయిదు నిమిషాల పని. మిరియాల డబ్బా మూత కింది కాగితం మళ్లీ గోడకెక్కింది.

"లేదు బాబూ," అంది ఆవిడ, ఆయన కుర్చీ వైపు ఒకసారి చూసి. "ఇది మాత్రం నిజంగానే లేదు. చెయ్యలేదు. ఇవాళ చెయ్యను కూడా."