కూలి ముట్టని చెయ్యి

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే పీర్ సాహెబ్‌కు పరువంటే ప్రాణం. ఆ పరువే ఆయన కొడుకు నోటికాడ కూడు తీసింది.

ఆ పనివాళ్లలో పాత ఆచారం ఒకటుంది. పని నేర్చుకోవడానికి వచ్చినవాడు పళ్లెంలో చక్కెర తెచ్చి ఉస్తాదు ముందు పెట్టాలి. ఫాతిహా చదివి అందరికీ పంచుతారు. ఇక ఉస్తాదు తన చేత్తో ఉలి ఇచ్చి, పో, బతుకు అనేదాకా కూలి మాట ఎత్తకూడదు. కూలి పుచ్చుకుంటే విద్య అంటదట. నన్నడిగితే, ఉస్తాదులకు బాగా కలిసొచ్చిన నమ్మకం అది.

కొడుకు జానీ బాషా ఒక శిక్షణ కేంద్రంలో వడ్రంగం చదివేవాడు. ఎనభై రెండులో కేంద్రంవాళ్లు పని నేర్చుకోమని ఆత్మకూరులో ఒక కట్టెకోత మిల్లుకు పంపారు. నేర్చుకోవడం మాటవరసకే. వచ్చిన వారానికే మిషను రంపం దగ్గర నిలబెడితే, కూలీలతో సమానంగా పొద్దుగూకేదాకా దుంగలు తోసేవాడు. శనివారం మిల్లు యజమాని ప్రేమానందం అందరితోపాటు అతనికీ కూలి ఇవ్వబోయాడు. ఆ సంగతి తెలిసి పీర్ సాహెబ్ చక్కెర పళ్లెం పట్టుకుని బస్సెక్కి వెళ్లి మరీ వద్దన్నాడు. ప్రేమానందం చక్కెర నోట్లో వేసుకున్నాడు, కూలి జేబులో వేసుకున్నాడు.

ఆ వేసవిలో ఒక దుంగలో పాత మేకు ఉండి రంపం ఎగిరింది. జానీ బాషా కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది.

మిల్లులో జరిగింది కాబట్టి మిల్లునే అడగమంది కేంద్రం. అతను మా పనివాడు కాదు, చదువుకునే పిల్లోడన్నాడు ప్రేమానందం. బిడ్డ రెంటికీ చెడ్డ రేవడయ్యాడు. మిల్లులోనే పనిచేసే శీనయ్య ఊరుకోలేక, నష్టపరిహారం కోసం నెల్లూరులో లేబర్ ఆఫీసరుకు అర్జీ పెట్టించాడు. విచారణకు వెళ్లేటప్పుడు పీర్ సాహెబ్‌కు ఒకటే చెప్పాడు.

"కూలి సంగతి అడిగితే, ఇయ్యబోయినారని చెప్పు సాయిబూ. అబద్ధం కాదు గదా."

పీర్ సాహెబ్ సరేనన్నాడు. తీరా అక్కడ మిల్లు తరపు వకీలు, మీ అబ్బాయి కూలికి పోయాడా అని మర్యాదగానే అడిగాడు. కూలి అన్న మాట పెద్దాయనకు ఎక్కడో తగిలింది.

"కూలికా? నా బిడ్డ విద్యకి పోయినాడయ్యా. ఒక్క పైసా ముట్టలేదు."

వకీలు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. శీనయ్య తల పట్టుకున్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని జానీ బాషా తండ్రినే చూస్తున్నాడు. కూలి లేనివాడు పనివాడు కాడు, పనివాడు కానివాడికి పరిహారం లేదని తేల్చేశారు.

కొడుకు ఆ తర్వాత ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఆ తండ్రి కాస్త తేలికపడేవాడేమో. తండ్రి చెక్కిన గరిటెలకు ఎడమచేత్తో ఆకురాయి పట్టి నునుపు చేస్తూ ఇంట్లోనే ఉండిపోయాడు.

నాలుగేళ్లకు పెంచలమ్మ అనే ఆమె, మొగుడు పోయి, గరిటెల పని నేర్చుకుంటానని చక్కెర పళ్లెంతో వచ్చింది. పీర్ సాహెబ్ ఆ పళ్లెం ముట్టలేదు. రోజంతా పని చెప్పి, సాయంత్రం ఇరుగుపొరుగును పిలిచి, వాళ్ల ముందు ఆమె చేతిలో డబ్బు పెట్టబోయాడు. నేర్చుకునేదాన్ని, నాకు వద్దంది ఆమె.

"తీసుకోమ్మా. ఎవురన్నా అడిగితే, పీర్ సాహెబ్ దగ్గర కూలికి చేస్తాండానని చెప్పు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కొడుకు వైపు చూడలేకపోయాడు. జానీ బాషా ఆకురాయి పక్కన పెట్టి, చక్కెర పళ్లెం ఎడమచేత్తో తీసి పెంచలమ్మకు తిరిగి ఇచ్చేశాడు.