మొదటి నుంచీ రెండే

చాలా ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. దేవుడికి కూడా నేరుగా చెప్పలేదు, కొబ్బరికాయ కొట్టి ఊరుకున్నాను. మీకు నేనెవరో తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక. పైగా అలసిపోయాను.

నరసరావుపేట దగ్గర ఒక కాలేజీలో నెట్‌వర్క్ పని చూసేవాణ్ణి. కాలేజీ మొత్తానికీ ఒకటే పెద్ద స్విచ్. ల్యాబుల్లోని కంప్యూటర్ల వైర్లన్నీ దాని దగ్గరికే వస్తాయి. దానికి కరెంటు అందించే పవర్ సప్లైలు రెండుండాలి, ఒకటి పోయినా రెండోది నిలబెట్టడానికి. అందులో ఒకటి పాడైపోయి వచ్చింది. ఊడదీసి కంపెనీకి తిప్పి పంపాం. ఖాళీ గూటికి రేకు మూత బిగించాం. ఇంకోటి వచ్చేదాకా ఆగాలి. కానీ ఛైర్మన్ గారు అప్పటికే ముహూర్తం పెట్టించేశారు. పంతులు గారు వచ్చి స్విచ్‌కు పసుపు కుంకుమలు పెట్టారు, నిమ్మకాయలు కోశారు. ఆ పూటే నేను బేస్‌లైన్ తీశాను.

బేస్‌లైన్ అంటే ఏమీ లేదు. యంత్రం నిక్షేపంగా ఉన్న రోజున అందులో ఏమేం ఉన్నాయి, సెట్టింగులు ఏమిటి అని తీసి దాచుకునే నమూనా. తర్వాత వారం వారం యంత్రాన్ని దాంతో పోల్చి చూస్తారు. ఏదైనా మారితే అక్కడ తేడా కనిపిస్తుంది. నేను తీసిన దాంట్లో పవర్ సప్లై ఒకటే ఉంది. రెండోది రాగానే మళ్లీ తీద్దాంలే అనుకున్నాను. అది రాలేదు. ఒకటి రెండుసార్లు ఫోన్ చేశాను, తర్వాత మానేశాను. ఎందుకు మానేశాను? బద్ధకం. దానికి ఇంకో మర్యాదైన పేరు వెతికాను గానీ దొరకలేదు.

ఆ తర్వాత విమలక్క ఉద్యోగంలో చేరింది. గురజాల మనిషి. వాళ్ల నాన్న మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాడు. నాకంటే వయసులో పెద్దది, ఉద్యోగంలో ఇద్దరం సమానం. ప్రతి సోమవారం స్విచ్ చూసే పని ఆమెకిచ్చారు. కళ్లజోడు తుడుచుకుని, స్క్రీన్ మీదికి వంగి, ఒక్కో వరుసా వేలు పెట్టి చదివేది. బైబిలు చదివినట్టు చదువుతావేందక్కా అని ఎగతాళి చేసేవాణ్ణి. నవ్వేది. చివర 'తేడా లేదు' అని రాసి సంతకం పెట్టేది. నిజంగానే తేడా లేదు. నా తప్పును నా తప్పుతోనే పోల్చి చూస్తుంటే తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకసారి ఆన్‌లైన్ ప్రవేశ పరీక్ష మధ్యలో ఆ ఉన్న ఒక్క పవర్ సప్లై కూడా పోయింది. స్క్రీన్లన్నీ ఆగిపోయాయి. మాచర్ల నుంచి, పెదకూరపాడు నుంచి తెల్లారుజామునే లేచి వచ్చిన పిల్లలు ల్యాబుల్లో ఏడుస్తున్నారు. గేటు దగ్గర తల్లిదండ్రుల కేకలు. పరీక్ష వాయిదా పడింది. అన్నాళ్లూ రాని కంపెనీ మనిషి సాయంత్రానికల్లా కొత్తవి రెండు తెచ్చి బిగించి వెళ్లాడు. మర్నాడు విచారణ అన్నారు.

రెండూ పనిచేస్తుండగా కొత్త బేస్‌లైన్ తీశాను. అది తీయాల్సిందే, అందులో తప్పు లేదు. కానీ దానికి ముహూర్తం నాటి తేదీ వేశాను. పాతదాన్ని చెరిపేసి దాని చోట దీన్ని పెట్టాను. భయంతో చేశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను, మామయ్య సిఫార్సుతో వచ్చిన ఉద్యోగం కదా, పెళ్లి కూడా కుదిరి ఉంది కదా, ఎవరైనా భయపడరా అని. కానీ ఆ రోజు నా చేతులు వణకలేదు. పని ముగించి కిందికి దిగి టీ తాగాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో అందరి ముందూ కంప్యూటర్ తెరిచారు. బేస్‌లైన్‌లో రెండు. యంత్రంలో ఇన్నాళ్లూ ఉన్నది ఒకటి. ప్రతి సోమవారం 'తేడా లేదు' అని విమలక్క సంతకం. చూడకుండానే సంతకాలు పెట్టావా అని అడిగారు. ఆమె నా వైపు తిరిగింది.

"అందులో ఒకటే ఉండేది గదా తమ్ముడూ? నువ్వు తీసిందేగా. చెప్పయ్యా వాళ్లకి."

"రెండక్కా. మొదటి నుంచీ రెండే."

ఆమె నన్ను చూడలేదు. స్క్రీన్ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చదివింది. మళ్లీ చదివింది.

"అవును, రెండే ఉన్నయ్. ఏందో మరి... నేనే సరిగ్గా చూళ్లేదేమో."

నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. తనను తాను అనుమానించుకుంది. ఆ వారమే ఆమెను తీసేశారు. కంపెనీ మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. తప్పు చేసిన మనిషి దొరికిందనుకున్నాక ఇంకెవర్ని అడుగుతారు? తిలాపాపం తలా పిడికెడు, కంపెనీదీ ఉంది, ఛైర్మన్ గారి ముహూర్తానిదీ ఉంది అని నేనూ పంచి చూశాను. ఎంత పంచినా ఆ తేదీ మార్చిన వేళ్లు నావే. ఇప్పటికీ ఆఫీసులో ఎవరైనా బేస్‌లైన్ అంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను.

మొన్న మాచర్ల బస్టాండులో ఆమె కనబడింది. జుట్టు నెరిసింది. నన్ను చూసి సంతోషపడింది, పిల్లల గురించి అడిగింది. మళ్లీ ఉద్యోగం చేయలేదట, తమ్ముడి ఇంట్లోనే ఉంటోందట. ఇంతలో బస్సు వచ్చి మా ముందే ఆగింది. బోర్డు మీద గురజాల అని అరచేయంత అక్షరాలు. ఆమె కళ్లజోడు తుడుచుకుని చదివింది. ఎక్కబోయి ఆగింది.

"తమ్ముడూ, అది గురజాల బస్సేనా? నువ్వోసారి చూడయ్యా. నా కళ్లను నేను నమ్మను."

అప్పుడైనా చెప్పొచ్చు. బస్సు చాలాసేపే ఆగింది. నేను బోర్డు చదివి, అవునక్కా, ఎక్కు అన్నాను.

ఇదిగో, ఇప్పుడు మీకు చెప్పాను. కాస్త ఊపిరి ఆడుతోంది. అలా ఊపిరి పీల్చుకునే హక్కు నాకుందో లేదో తెలియదు.

ఒకటే ఉండేది అక్కా. నువ్వు సరిగ్గానే చూశావు.