కాణిపాకంలో కట్టేసిన నోరు

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలమేమీ కాదు, క్రికెట్ మ్యాచిలు ఫోనులో ఉచితంగా వచ్చిన రోజులు. అరచేతిలోకి ఆట ఉచితంగా వచ్చేసరికి నోట్లోకి అభిప్రాయాలు కూడా ఉచితంగానే వచ్చేవి. ఆ వేసవుల్లో మా చిత్తూరు చుట్టుపక్కల మామిడి ఎంత కాసిందో నాకు గుర్తులేదు గానీ, అభిప్రాయాలు మాత్రం కొమ్మలు విరిగేలా కాశాయి. అందులో సగం కాపు నాదే. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిందనిపించుకుని మా మేనమామ స్టీలు సామాన్ల అంగడిలో పనికి కుదిరాను. నేను బ్యాటు పట్టుకున్నది తక్కువ (పట్టుకున్న ప్రతిసారీ వెంటనే ఇంకొకరికి ఇచ్చేయాల్సి వచ్చేది). అయినా ఏ జట్టు ఎవర్ని కొనాలి, ఎవర్ని దింపాలి, ఎవరు మర్యాదగా ఆట మానుకుని ఇంటికి పోవాలి అన్న విషయాలు ఈ దేశంలో నాకొక్కడికే స్పష్టంగా తెలుసు. ఆ సంగతి జట్ల యజమానులకు ఎవరూ చేరవేయకపోవడమే అప్పట్లో నాకున్న పెద్ద బాధ.

అంగడిలో నా పని గిన్నెల మీద పేర్లు కొట్టడం. పెన్నులా పట్టుకునే చిన్న కరెంటు మిషను ఉంటుంది, స్టీలు మీద ఆనించి రాస్తే గర్రుమంటూ అక్షరాలు పడతాయి. ఆ పనికి చేతులు, కళ్లు చాలు, నోరు ఖాళీ. ఖాళీగా ఉన్న నోరు ఊరుకుంటుందా? చెంబు కొనడానికి వచ్చినవాళ్లకు వేలంలో జరిగిన తప్పులు, పళ్లెం కొనడానికి వచ్చినవాళ్లకు కెప్టెన్ల తెలివితక్కువతనం వివరించి పంపేవాణ్ని. మా ఊరు అరవదేశం అంచున ఉంది కనుక సగం ఊరు అరవవాళ్ల పసుపు జట్టు వైపు, సగం ఊరు తెలుగువాళ్ల నారింజ జట్టు వైపు. ఒకే ఇంట్లో నాయనది ఒక రంగు, కొడుకుది ఇంకో రంగు. నాది నారింజ. అలాగని పక్షపాతమేమీ లేదు, మా జట్టునూ తిట్టేవాణ్ని. కాకపోతే తిట్టే హక్కు మాకే ఉండాలనేవాణ్ని. మా మామ మాత్రం ఏ రంగూ కాదు. క్రికెట్టంటే పనిలేనివాళ్లు ఆడేది, అంతకన్నా పనిలేనివాళ్లు చూసేది, ఆ ఇద్దరికన్నా పనికిమాలినవాడు అంగడిలో కూర్చుని మాట్లాడేది అని ఆయన సిద్ధాంతం. నేను మొదలుపెట్టగానే అటు తిరిగి మూతలు లెక్కపెట్టుకునేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు ఒక పెద్దాయన వచ్చాడు. మామిడితోటలున్న రైతు. మనవడికి చెవులు కుట్టే పండగ దగ్గరికొస్తోందట, వచ్చిన చుట్టాలందరికీ మనవడి పేరు కొట్టించిన స్టీలు డబ్బాలు పంచాలట. ఆ వేసవికి అంతకన్నా పెద్ద బేరం మాకు రాలేదు. మామ స్వయంగా స్టూలు తుడిచి కూర్చోబెట్టి సోడా తెప్పించాడు. పెద్దాయన డబ్బా మూత తిప్పి చూస్తూ, మాటవరసకు, ముందురోజు మ్యాచి చూశావా అబ్బోడా అని నన్నడిగాడు. అంతే, నేను మిషను ఆపేశాను. పసుపు జట్టు పాత ఓపెనరు పరిగెత్తాల్సిన చోట నడుస్తున్నాడనీ, ఆయన రెండు ఫోర్లు కొట్టగానే జనం హారతి చూసినట్టు లేచి నిలబడుతున్నారే గానీ మ్యాచి చేజారిపోతున్నది ఎవరికీ పట్టడం లేదనీ, ఆయనకు ఒక శాలువా కప్పి సాగనంపితే అందరికీ పుణ్యమనీ వివరంగా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన భుజం మీదున్న పసుపు తువ్వాలు నాకు కనబడుతూనే ఉంది. (కనబడితే మాత్రం, నిజం నిజం కాకుండా పోతుందా?) పెద్దాయన సోడా సగంలో పెట్టేసి, డబ్బా మూత జాగ్రత్తగా మూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మామ కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. మిగిలిన సోడా తనే తాగి, నెమ్మదిగా అన్నాడు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోటికి ఊరు దాకా ఎందుకులేరా, ఈ అంగడి మిగిలితే సాలు. రేపు పొద్దున్నే మీ నాయన దగ్గరికి పోయి శెనక్కాయలన్నా పెరుకు, లేదంటే నాతో కాణిపాకమన్నా రా. ఏదో ఒకటి తేల్చుకో."

కాణిపాకం వినాయకుడి ముందు చేసిన ప్రమాణం తప్పినవాడు బాగుపడడని మా జిల్లాలో గట్టి నమ్మకం. తెగని తగువులు అక్కడే తెగుతాయి. తాగుడు మానాలనుకునేవాళ్లను ఇంట్లోవాళ్లు తీసుకెళ్లి అక్కడే ఒట్టు పెట్టిస్తారు. శెనక్కాయ చేను ఎండ నాకు తెలుసు కనుక నేను దేవుణ్నే ఎంచుకున్నాను. మర్నాడు తెల్లారేసరికి తలస్నానం చేసి, తడి బట్టలతో మందు మానేవాళ్ల మధ్య నిలబడి ఉన్నాను. నా ముందు నిలబడిన బక్కపలచటి మనిషి వెనక్కి తిరిగి, ఏంది నాయనా, బ్రాందీనా అని ఆప్యాయంగా అడిగాడు. కాదన్నా, క్రికెట్టు అన్నాను. పందేలా అన్నాడు. పందేలు కాదు, మాట్లాడేది మానేస్తున్నా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మాదే నయం కదప్పా. పొద్దు గూకితేనే గుర్తుకొస్తాది. నీకు పొద్దస్తమానం ఉండాది," అని నా భుజం తట్టాడు.

ప్రమాణం మాటలు మామే చెప్పించాడు. కోర్టులున్న ఊరి మనిషి కదా, లాయరులా పేర్చాడు. మామ అంగడిలో నేను పనిచేసినన్నాళ్లు, అంగట్లో గానీ బయట గానీ, క్రికెట్టు గురించి నా అభిప్రాయం నోటితో చెప్పను. ఎంత పేర్చినా ఒక సందు వదిలేశాడన్న సంగతి బస్సులో తిరిగి వస్తుంటే నాకు తట్టింది. నోటితో కదా చెప్పకూడదన్నది.

నాలుగైదు రోజులు మర్యాదగానే ఉన్నాను. ఆ తర్వాత సగం ఆటలో ఒక ఆటగాణ్ని తీసేసి ఇంకొకణ్ని దించే రూలు మీద ఇద్దరు కొనుగోలుదార్లు నా ఎదుటే తప్పుడు వాదన చేసుకున్నారు. కడుపు ఉబ్బిపోయింది. చేతిలో మిషను ఉంది, ముందు ఒక గరిటె ఉంది. గరిటె కాడ మీద, చిన్న అక్షరాలతో, "ఆ రూలు ఎత్తేయాల" అని కొట్టాను. ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. పళ్లెం అడుగున "ఈ బౌలర్ను ఎవరు కొనమన్నారు", చెంబు మెడ కింద "టాసు గెలిచి బ్యాటింగా". చిత్తూరులో కొన్ని వంటిళ్లలో అవి ఇప్పటికీ ఉండే ఉంటాయి. ఒకావిడ గృహప్రవేశానికి కొన్న పాయసం గిన్నెను వెనక్కి పట్టుకొచ్చి, దీని మీద "నడిచేది మాని పరిగెత్తు" అని రాసి ఉండాదే, ఎవరికి చెప్పినట్టు అని మామను నిలదీసింది. వాళ్లాయనకు ఈమధ్యనే కాలు విరిగిందట. మామ ఆమెకు గిన్నె మార్చి ఇచ్చి, మిషను తీగ పీకేసి, మళ్లీ బస్సు ఛార్జీలెందుకని నన్ను అంగడి గుమ్మంలో కాణిపాకం దిక్కుకు తిప్పి దండం పెట్టించి, "చేతులతో కూడా చెప్పను" అన్న ముక్క కలిపించాడు. ఇంకోసారైతే నేరుగా శెనక్కాయ చేనే అన్నాడు. ఈసారి ఆయన గొంతులో తమాషా లేదు.

ఆపైన నా బతుకు ఎట్లా గడిచిందో చెప్పలేను. పక్క అంగళ్లవాళ్లు పనిగట్టుకుని వచ్చి, కావాలనే అడ్డదిడ్డంగా మాట్లాడి, నా మొహం చూసి నవ్వుకుని పోయేవాళ్లు. అన్నిటికన్నా ఘోరం, ఆ సీజనులో నేను చెప్పినవన్నీ నిజమవడం మొదలైంది. పసుపు జట్టు వరసగా ఓడింది. పాత ఓపెనరు నడిచి నడిచి రనౌటయ్యాడు. క్రికెట్టు అభిమానికి జీవితంలో దక్కే అసలైన సుఖం తన జట్టు గెలవడం కాదు, "నేను ముందే చెప్పలా" అనగలగడం. వడ్డించిన విస్తరి ముందు నోరు కట్టేసినట్టుంది నా పని.

సరిగ్గా ఆ సమయంలో, పసుపు జట్టు ఇంటిదారి పట్టిన మర్నాడు, ఆ పెద్దాయన మళ్లీ అంగడి మెట్లెక్కాడు. భుజం మీద ఈసారి తెల్ల తువ్వాలు. మామను చూడను కూడా లేదు, వచ్చి నా ఎదుట స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ పొద్దు నువ్వు చెప్పిందే నిజమాయె అబ్బోడా. నాకే కండ్లు కనపడలా. ఇప్పుడు చెప్పు, మనోళ్లు ఏం చేయాల?"

మనోళ్లు అన్నాడు! గొంతులోకి వచ్చేసింది మాట. నాలుక చివర నిలబడి తలుపు కొడుతోంది. అటు చూస్తే వినాయకుడు, ఇటు చూస్తే శెనక్కాయ చేను. నేను నేల చూశాను. పెద్దాయన స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. పలకవేమప్పా, ఇంకా కోపం పోలేదా అన్నాడు. నేను తల కూడా ఊపలేదు. ఆయన మొహం ముడుచుకుంది. కాలు చెప్పుల కోసం తడుముకోవడం నాకు కనబడింది. బేరం రెండోసారి మెట్లు దిగబోతోంది, దాని వెనకే నా ఉద్యోగం.

మామ గబగబా వచ్చి, వాడికి కాణిపాకం ఒట్టు ఉందన్నా అని సంగతంతా చెప్పాడు. కాణిపాకం మాట వినగానే పెద్దాయన చెంపలు వేసుకున్నాడు. కానీ లేవలేదు. వాడు చెప్పకూడదు సరే, వాడు చెప్పాల్సింది నువ్వు చెప్పు, ఇన్నాళ్లు పక్కనే ఉండావు కదా అన్నాడు. మామ నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. మామ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఓపెనరు నడుస్తున్నాడు, శాలువా కప్పాల. వేలంలో బౌలర్లను వదిలేసి కొట్టేవాళ్లనే కొన్నారు, ఇప్పుడు కాపాడేవాళ్లు లేరు. ఆ మనిషిని మార్చే రూలు వచ్చినప్పటి నుంచి రెండు పనులు తెలిసినవాడికి విలువ లేకుండా పోయింది. అన్నీ నా మాటలే. నేను ఆపే చోట ఆపుతున్నాడు, నేను చెయ్యి తిప్పే చోట చెయ్యి తిప్పుతున్నాడు. మూతలు లెక్కపెట్టుకుంటున్నాడనుకున్నానే, ఆ మనిషి ఒక్క ముక్క పోనీయకుండా విన్నాడు. (వికెట్‌కీపరు బౌలింగు ఇంకా మెరుగుపడాలని కూడా అన్నాడు. సరిదిద్దడానికి నాకు నోరు లేదు, పెద్దాయన కూడా ఏమీ అనలేదు.) అంతా అయ్యాక మామ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మావోడు ముందే చెప్పినాడన్నా. మనమే యినలా."

ఆ మాట నేనే అని ఉంటే అంత సంతోషం ఉండేది కాదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను. డబ్బాలన్నిటికీ ఆ రోజే బేరం కుదిరింది, తీగ మళ్లీ మిషనుకు తగిలింది. శెనక్కాయ చేను మాట మామ మళ్లీ ఎత్తలేదు. ఎత్తడానికి ఆయనకు తీరికేది? మర్నాటి నుంచి వచ్చినవాళ్లకల్లా ఆయనే మొదలుపెట్టాడు. నాకు ఒట్టు, ఆయనకు నోరు. అత్త గొడవ చేసింది, ఈసారి మీ మామను కాణిపాకం తీసుకుపోవాల అని. ఆయన అటు వెళ్లే బస్సు వైపు కూడా చూడలేదు.

కొన్నేళ్ల తర్వాత నేను తిరుపతిలో, అలిపిరి పోయే దారిలో సొంతంగా చిన్న అంగడి పెట్టుకున్నాను. బయల్దేరేటప్పుడు మామ, ఇంక నీ నోరు నీదేరా, జాగ్రత్తగా వాడుకో అన్నాడు. ఇన్నేళ్లు దాచిన అభిప్రాయాలన్నీ కట్టలు తెంచుకుంటాయనుకున్నాను. మొన్న ఒక కుర్రాడు చెంబు కొనడానికి వచ్చి, అన్నా, మన జట్టు కెప్టెన్ను మార్చేసినారే, ఏమంటావు అని ఆవేశంగా అడిగాడు. నోరు తెరిచాను. కొత్త కెప్టెను పేరు గుర్తుకురాలేదు. ఏమోనప్పా, అందరూ బాగానే ఆడతా ఉండారు కదా అన్నాను. కుర్రాడు నన్ను జాలిగా చూసి, చెంబు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఇరవై రెండేళ్ల నేను అక్కడ ఉండి ఆ జవాబు విని ఉంటే, ఈయనకు ఒక శాలువా కప్పి సాగనంపండి అని అప్పటికప్పుడే తీర్పు చెప్పి ఉండేవాడు. వాడు ఇంకొక్కసారి అలా అంటే వినాలని నాకు చాలా ఉంది.