శాంపిల్ తీసిన చోటు

ఆగస్టు 7, గురువారం, సాయంత్రం అయిదు గంటలు. స్థలం: విజయవాడ, మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులో శేషగిరిగారి హాలు. హాజరైనవారు: శేషగిరిగారు, ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు, నీళ్ళ మెషీను అమ్మడానికి వచ్చిన అమ్మాయి, నేను.

ఆ అమ్మాయి టీపాయ్ మీద రెండు గాజు గ్లాసులు పెట్టింది. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో మెషీను నీళ్ళు. రెండింటిలోనూ రెండేసి చుక్కల మందు వేసింది. మొదటి గ్లాసు పసుపురంగుకు తిరిగింది. రెండోది చూస్తుండగానే నీలమై, ఊదాగా మారి నిలిచింది. కిటికీలోంచి పడుతున్న ఎండ ఆ ఊదారంగును తెల్లటి గోడమీద చిన్న మరకలా వేసింది. "చూశారా అంకుల్, ఇది ఆల్కలైన్ వాటర్. బాడీలో యాసిడ్ మొత్తం లాగేస్తుంది" అంది. శేషగిరిగారికి మూత్రపిండాలు నీరసించాయని డాక్టరు చెప్పి ఏడాదయింది. "అయితే డాక్టరు రాసిన ఆ సోడా బిళ్ళలు మానెయ్యొచ్చన్నమాట" అన్నారాయన ఉత్సాహంగా. నేను నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. పెద్దమనిషి, ఇరుగుపొరుగు, పైగా కొత్త మనిషి ముందు. గోడమీద ఊదా మరకను చూస్తూ కూర్చున్నాను. నాకు కనిపిస్తున్నది మాత్రం రామబ్రహ్మంగారి వేళ్ళ మధ్య తడిసిన కాగితం ముక్క.

రామబ్రహ్మంగారు నా మొదటి పై అధికారి. డెల్టాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ లాబ్‌కు పెద్ద. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, పేరు అనవసరం. చెరకు రసం గానుగలోంచి వచ్చేటప్పుడు పులుపు గుణంతో ఉంటుంది. దానికి సున్నపు నీళ్ళు కలిపి సరిచేయాలి. సున్నం తక్కువైతే చక్కెర విరిగిపోతుంది, ఎక్కువైతే రసం నల్లబడుతుంది. ఆ రెండింటి మధ్య సన్నటి దారి ఒకటుంది. రసాన్ని ఆ దారిలో నడిపించడమే మా ఉద్యోగం. గంటగంటకీ రసం పట్టుకొచ్చి, పులుపును బట్టి రంగు మారే కాగితంతోనూ మీటరుతోనూ చూసి, రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరులో ఆయన సొంతంగా గీయించిన గడి ఒకటి ఉండేది: శాంపిల్ తీసిన చోటు. మరే ఫ్యాక్టరీలోనూ ఆ గడి నేను చూడలేదు.

చేరిన నెలలోనే నేను ఆ గడి దగ్గర తప్పు చేశాను. ఆరోజు వాన. సున్నం కలిసిన రసం పట్టుకోవాలంటే ఇనుప మెట్లెక్కి ట్యాంకు కుళాయి దగ్గరికి పోవాలి. మెట్లు జారుతున్నాయి. కింద డ్రైనులోకి అదే ట్యాంకునించి రసం పొర్లుతోంది. రెండూ ఒకటేగదా అని సీసా డ్రైనులో ముంచాను. కాగితం పులుపు చూపించింది. సున్నం పెంచమని చీటీ రాశాను. గంటలో ట్యాంకు ట్యాంకంతా బెల్లప్పాకంలా నల్లబడింది.

రామబ్రహ్మంగారు రిజిస్టరు తెరిచి చోటు గడిమీద వేలు పెట్టారు. అది ఖాళీగా ఉంది.

"ఎక్కడ పట్టావోయ్ సుబ్బారావ్?"

"డ్రైనులోనండీ."

"డ్రైనులో ఏముంటుంది?"

"రసమేనండీ..."

"రసం ఉంటుంది, రాత్రి కడిగిన నీళ్ళుంటాయి, పులిసిన మడ్డి ఉంటుంది, నీ చెప్పుల బురద కూడా ఉంటుంది. బయటికి పారేసినదాన్ని చూసి లోపల ఉన్నదాని సంగతి చెబుతావా?" అన్నారు. అందరి ముందే అన్నారు. చివరికి మాత్రం నెమ్మదిగా, "ఎక్కడ పట్టావో రాయని అంకె నాకు చూపించకు" అని వెళ్ళిపోయారు.

నేను డైరీ రాయడం ఆరోజే మొదలుపెట్టాను. ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరు ఉన్నారు అన్నది ముందు రాసి, ఆ తర్వాతే జరిగింది రాస్తాను. నలభయ్యేళ్ళుగా ఆ వరస తప్పలేదు.

రిటైరయ్యాక ఆయన వన్ టౌన్‌లో ఒక గోదాం వెనక పాత మేడలో ఉండేవారు. నేనూ విజయవాడ చేరాక ప్రతి గురువారం వెళ్ళేవాణ్ణి. ఆయనకు మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి నాకు ఆయన భార్య పార్వతమ్మగారే చెప్పారు. ఒంట్లో తయారయ్యే యాసిడ్‌ను బయటికి పంపే పని మూత్రపిండాలదట. అవి చెయ్యలేనప్పుడు అది రక్తంలో పేరుకుంటుందని డాక్టరు బిళ్ళలు రాశారు. ఆ బిళ్ళల కాగితం చదివి రామబ్రహ్మంగారు ఒకటే నవ్వు. "సోడియం బైకార్బొనేట్! బజ్జీల్లో వేసే వంటసోడాకి ఇంత పేరా!"

కొన్నాళ్ళకు పొద్దున నడకలో ఎవరో ఆయనకు ఫోనులో ఒక వీడియో చూపించారు. ఒళ్ళు పులిసిపోతేనే రోగాలు, క్షార గుణమున్న తిండి తింటే మందులక్కర్లేదు అని. ఆయన మనసుకు అది సూటిగా ఎక్కింది. ఎక్కకుండా ఎలా ఉంటుంది? జీవితమంతా ఆయన చేసిన పనే అది. "ముప్ఫయ్యేళ్ళు ఫ్యాక్టరీ రసాన్ని సరిచేసినవాణ్ణి, నా ఒంట్లో రసం సరిచేసుకోలేనా?" అన్నారు. సొరకాయ రసం, పూటకో కొబ్బరిబోండాం మొదలయ్యాయి. "లాబ్ కాగితాలు ఒక కట్ట తెచ్చిపెట్టు" అంటే తెచ్చి ఇచ్చింది నేనే. బోండాలు కూడా రెండు మూడుసార్లు నేనే మోసుకెళ్ళాను.

పొద్దున్నే మూత్రంలో కాగితం ముంచి, రంగు చూసి నోటుబుక్కులో రాసేవారు. మొదట్లో పసుపు. వారం తిరిగేసరికి ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం. "చూడు, ఏడున్నర! ఏడు దాటితే క్షారమే!" అని కాగితాన్ని వెలుతురుకు పట్టి నాకు చూపించారు. బిళ్ళలు మానేశారు.

ఆ నోటుబుక్కు నేను తిప్పి చూశాను. గళ్ళన్నీ స్కేలుతో గీసి ఉన్నాయి. తేదీ, సమయం, రంగు, అంకె. శాంపిల్ తీసిన చోటు అన్న గడి కూడా గీశారు, అలవాటు పోక. అందులో మాత్రం ఏమీ రాయలేదు. డ్రైను అనుకున్నాను. పైకి అనలేదు.

వంటింటి గుమ్మం దగ్గర పార్వతమ్మగారు ఆపారు. "మీ మాటైతే వింటారండీ. ఆ బిళ్ళలు వేసుకోమని ఒక్కసారి చెప్పండి."

"ఆయనకు నేను చెప్పేంతవాణ్ణా అమ్మా?" అన్నాను. వినయమనుకునే అన్నాను. ఇంటికొచ్చి డైరీలో 'చోటు గడి ఖాళీ' అని రాసుకున్నాను. రాసుకుంటే చెప్పినట్టేనని ఎలా అనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

తర్వాతి గురువారం కూడా ఊరుకున్నాను. మూడో గురువారం వెళ్ళేసరికి ఆయన కుర్చీలో కూర్చునే, మేడమెట్లు ఎక్కివచ్చిన మనిషిలా ఎగశ్వాస తీస్తున్నారు. కాళ్ళు వాచాయి. మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నారు. "కాగితం... ఏడున్నరే ఉందోయ్" అన్నారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

రక్తం పరీక్ష చూసిన డాక్టరమ్మ చిన్నపిల్ల. అయినా ఓపికగా చెప్పింది. "రక్తంలో యాసిడ్ బాగా పెరిగింది సార్. దాన్ని తగ్గించడానికే మీ ఊపిరితిత్తులు అంత వేగంగా పనిచేస్తున్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఏం తిన్నా రక్తం మారదు, శరీరమే సరిచేసుకుంటుంది. మూత్రం మాత్రం తిన్నదాన్నిబట్టి రోజుకో రకంగా ఉంటుంది. అది శరీరం పారేసింది కదండీ, దాన్ని చూసి రక్తం సంగతి ఎలా చెప్తాం? పైగా కొబ్బరినీళ్ళవల్ల పొటాషియం కూడా పెరిగిపోయింది. అది గుండెకి ప్రమాదం. ఇవాళే డయాలిసిస్ చెయ్యాలి."

ఆవిడ వెళ్ళాక రామబ్రహ్మంగారు తల నావైపు తిప్పారు.

"నువ్వు గమనించలేదా?"

"గమనించానండీ. రెండు వారాల కిందటే."

"మరి?"

"మీకు ఎలా చెప్తానండీ..."

"ఆరోజు నేను నిన్ను తిట్టింది ఎందుకనుకున్నావ్? పెద్దవాణ్ణనా?" ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నారు. "చోటు తప్పని తిట్టాను. ఈసారి తప్పు నాది. తిట్టాల్సింది నువ్వు. గౌరవం గౌరవం అంటూ నన్ను చంపేసేవాడివిరా."

అంతకుముందు ఆయన నన్ను ఎప్పుడూ 'రా' అనలేదు.

నోటుబుక్కు తెమ్మన్నారు. గుండెల మీద పెట్టుకుని, ప్రతి ఖాళీ గడిలోనూ ఒకే మాట రాసుకుంటూ పోయారు: డ్రైను, డ్రైను, డ్రైను. ఒక్క గడి కూడా వదల్లేదు. ఆ తర్వాత ఏడాదిన్నర బతికారు, వారానికి మూడుసార్లు డయాలిసిస్ మీద. బిళ్ళలు ముందునుంచీ వేసుకుని ఉంటే ఆ అవస్థ ఇంకొన్నాళ్ళు వెనక్కి పోయేదేమోనని డాక్టరమ్మ ఒకసారి అంది. ఆ 'ఏమో' నాతోనే ఉంది. ఆయన పోయాక పార్వతమ్మగారు నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. అది నా డైరీల పక్కనే ఉంటుంది.

నిన్న శేషగిరిగారి హాల్లోంచి పైకి వచ్చాక దాన్ని తీసి చూశాను. ఆ మాట అన్ని గళ్ళలోనూ వంకరటింకరగా ఉంది.

ఈరోజు శుక్రవారం. ఉదయం ఆరింటికి కిందికి దిగి తలుపు కొట్టాను. శేషగిరిగారు నిన్న పెట్టించుకున్న మెషీను నీళ్ళ గ్లాసుతోనే వచ్చారు.

"నిన్న చెప్పాల్సింది ఇవాళ చెబుతున్నాను. ఆ బిళ్ళలు మానకండి" అన్నాను.

"మీరేమన్నా డాక్టరా సుబ్బారావుగారూ?" అన్నారు ఎకసెక్కంగా.

"కాదండీ. లాబ్‌లో పనిచేసినవాణ్ణి. ఆ అమ్మాయి నిన్న గ్లాసులో నీళ్ళు పరీక్ష చేసింది. మీ రక్తం ఎవరు పరీక్ష చేశారు?"

ఆయన మొహం ముడుచుకుంది. లోపలినుంచి రాజ్యలక్ష్మిగారు, "ఆ మాటే నేనంటే నామీద ఎగిరారు. చొక్కా వేసుకోండి" అన్నారు. ఆయన గ్లాసు గట్టుమీద పెట్టి, చొక్కా వేసుకున్నారు. సందు చివర ఉన్న రక్తపరీక్షల లాబ్‌దాకా నాకంటే నాలుగడుగులు ముందే నడిచారు. సూది గుచ్చుతున్నప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకున్నారు.

తిరిగివచ్చి డైరీ తెరిచి, పాత రిజిస్టరులోలా గళ్ళు గీశాను. ఏడుంబావు, హాజరైనవారు ముగ్గురు: శేషగిరిగారు, సూది గుచ్చిన లాబ్ కుర్రాడు, నేను. రీడింగు సాయంత్రానికిగానీ రాదు, ఆ గడి వదిలేశాను. పక్కన చోటు గడి నింపాను: ఎడమ చెయ్యి.