అక్క ఆదివారానికి దాచిన అర్థం

నన్ను ఇంతవరకు నడిపించిన దేవునికి స్తోత్రం. ఆయన ఇచ్చిన రోజులకూ, తీసుకున్న మనుషులకూ కూడా ఆయన నామానికే మహిమ కలుగు గాక. ఈ రెండో మాట రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నా చిన్నప్పుడు మేము తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర ఒక కూలీల వీధిలో ఉండేవాళ్లం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక సంఘంలోనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం బడిలో మమ్మల్ని భయపెట్టడానికే ఉన్నట్టుండేది. ఆరో తరగతి క్వార్టర్లీ పరీక్షలో మా అమ్మ గురించి రాయమన్నారు. అమ్మ నాకు పూలు పెట్టింది, సంచిలో పుస్తకాలు పెట్టింది, అన్నం పెట్టింది అనుకుంటూ, పెట్టిన ప్రతిచోటా 'కీప్' అని రాశాను. టీచరు దాన్ని పైకి చదివితే తరగతంతా నవ్వింది. ఇంగ్లీషులో ఫెయిలయ్యాను.

మా నాన్న అప్పటికే చనిపోయారు. అమ్మ పత్తి చేలల్లో కూలికి పోయేది. మార్కుల కాగితం చూసి, "సదువు ఎక్కలేదంటే బళ్లో ఏంటికి కూసోబెట్టేది? వచ్చే సోమవారం నుంచి వ్యానులో పోనీ," అంది. తెల్లవారకముందే ఊరూరా తిరిగి మనుషుల్ని ఎక్కించుకుని, తాయిల్‌పట్టి వైపు టపాకాయల కంపెనీలకు తీసుకెళ్లే వ్యాను అది. నా ఈడు పిల్లలు అప్పటికే కొందరు అందులో పోతున్నారు. ఒకసారి ఎక్కినవాళ్లు మళ్లీ బడికి రావడం నేను చూడలేదు.

పక్కింటి అక్క కూడా అందులోనే పనికి పోయేది. పదో తరగతి దాకా చదివి ఆగిపోయిన మనిషి. ఎంత తోమినా ఆమె గోళ్ల సందుల్లోంచి వెండిరంగు టపాకాయల మందు పోయేది కాదు. ఆదివారం బడిలో మాకు పాటలు నేర్పేటప్పుడు చప్పట్లు కొడితే ఆ గోళ్లు మెరిసేవి. నేను మెట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"ఒక్క మాటకా భయపడేది? దానికి ఎన్ని కాళ్లుండాయో పట్టుకుని సూద్దాం రా పాపా."

కంపెనీలో అచ్చు తప్పిన లేబుళ్లు పారేసేవాళ్లు. ముందువైపు నెమలి బొమ్మ, వెనక తెల్లగా ఉండేది. అక్క రోజుకొకటి తెచ్చి, దాని వెనక 'కీప్' అని రాసి, దానికి ఒక కొత్త అర్థం నేర్పేది. మొదటిరోజు తన చేతి గాజు తీసి నాకు తొడిగి, "ఇది ఇంక నీదే, తిరిగి ఇయ్యొద్దు," అంది. మర్నాడు కోళ్ల గంప దగ్గరికి తీసుకెళ్లింది. పెంచుకోవడం కూడా ఆ మాటేనట. మూడో లేబులు ఇచ్చిన మాట తప్పకుండా ఉండటానికి. నాలుగోది చెప్పడానికి నన్ను వీధి చివరిదాకా నడిపించి, ఆగబోయినప్పుడల్లా వెనకనుంచి నెట్టింది; ఆగకుండా పోతూ ఉండటం కూడా అదేనట. ఐదోది గుట్టు దాచడం; దానికి నోటి మీద వేలు పెట్టుకుని అలాగే చూస్తూ ఉంది, నేను నవ్వు ఆపుకునేదాకా.

"ఇంకొకటి ఉండాది, అన్నిటికన్నా పెద్దది," అంది శనివారం. "అది ఇప్పుడు సెప్పను. రేపు కాదు, పై ఆదివారం సర్చిలో అయ్యగారు ఆఖరున సేతులెత్తి దీవించేటప్పుడు నీ సెవిలో సెప్తా."

"మర్చిపోతే?"

"మాట తప్పేదాన్నా నేను? పోయి మూడో లేబులు సూడు."

సోమవారం వచ్చింది. నా చేతికి అన్నం డబ్బా ఇచ్చి, అమ్మ నన్ను వ్యాను దగ్గర నిలబెట్టింది. అక్క అప్పటికే ఎక్కి కూర్చుంది. పక్క సీటు మీద తన కేరియరు, సంచి, చెప్పులు కూడా పరిచి పెట్టింది.

"సోటు లేదన్నా," అంది మనుషుల్ని ఎక్కించే ఏజెంటుతో.

"సిన్నపిల్లకు సోటు లేదా? ఎత్తమ్మా ఆ కేరియరు."

"ఎత్తితే ఒలుకుతాది. సాంబారంతా నీ సొక్కాకే పూస్తా, సరేనా?"

వ్యాను మొత్తం నవ్వింది. ఏజెంటు విసుక్కుని, రేపు రమ్మని తలుపు వేశాడు. అక్క కిటికీలోంచి నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. నేను ఆ డబ్బాతోనే బడికి పోయాను.

ఆ మధ్యాహ్నం కంపెనీలో మందు కలిపే గది అంటుకుంది. అక్కను విరుదునగర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మూడో రోజు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. అమ్మ నా అన్నం డబ్బా కడిగి, అటక మీద బోర్లించింది. వ్యాను మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆదివారం అయ్యగారు చేతులెత్తి తమిళంలో దీవించారు. ప్రభువు నిన్ను కాపాడాలి అన్న మాటను ఆయన రెండుసార్లు పలికారు. కాపాడటం కూడా 'కీప్' మాటేనని, అక్క దాచిపెట్టింది ఆ అర్థమేనని నాకు తెలిసింది. కానీ నా చెవి దగ్గర ఎవరూ లేరు. నన్ను కాపాడినవాడు ఆమెనెందుకు కాపాడలేదని ఆ రోజు అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. వాక్యం చదివాను, బోధించాను, జవాబు దొరికిందని అబద్ధం చెప్పలేను. ఆ ఉదయం దేవుని చెయ్యి ఒక సాంబారు కేరియరు మీద ఉందని మాత్రం నమ్ముతున్నాను.

ఐదు లేబుళ్లూ నా వేదపుస్తకంలో ఉన్నాయి. గాజు ఇప్పుడు నా చేతికి పట్టదు, అయినా ఎవరికీ ఇవ్వలేదు. ప్రతి ఆదివారం దీవెన వేళకు, పక్కన ఏ బిడ్డ ఉంటే ఆ బిడ్డ చెవిలో ఆ ఆరో అర్థం చెబుతాను. అక్క తప్పిన మాట అదొక్కటే, దాన్ని నేను తీరుస్తున్నాను.

చదివిన మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఈ తెల్లవారుజామున వ్యాను ఎక్కినవాళ్లందరినీ సాయంత్రం వాళ్ల ఇళ్ల దగ్గర దించు. ఆమెన్.