మక్తల్ జింకలు, నేను నాటిన మొక్క

ఈ ప్రయాణం ఒక తగాదాతో మొదలైంది. వానాకాలం మొదట్లో ఎవరో పంపిన ఫోటో నా ఫోన్లోకి వచ్చింది. పత్తిచేను గట్టు మీద కరెంటు తీగకు చిక్కి చచ్చిన కృష్ణజింక. చిట్యాలలో మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, పావుగంటలో ఈ బ్లాగులో నిప్పులు చెరిగాను. మూగజీవిని చంపే రైతు రైతే కాదన్నాను. చాలామంది మెచ్చుకున్నారు. మక్తల్ దగ్గరి నుంచి బాలప్ప అనే నాలుగెకరాల రైతు మాత్రం కింద ఇలా రాశాడు: "సారూ, నువ్వు ఒక్క పొద్దు మా చేన్ల కావలుండు. అటెన్క ఎంత తిడ్తవో తిట్టు." నాకు ఒళ్లు మండింది. యాభై రెండేళ్ల వయసులో నాకు తేలిగ్గా వచ్చేది కోపమొక్కటే. మూడు రోజులు జవాబులు రాసి కొట్టేశాను. నాలుగో రోజు అతని ఊరు కనుక్కుని బస్సెక్కాను.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం దారి చెబుతాను. చిట్యాల నుంచి ఎల్బీనగర్ గంటన్నర, అక్కణ్నుంచి మెట్రోలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్. రాయచూరు బస్సు మహబూబ్‌నగర్, దేవరకద్ర, మరికల్ మీదుగా మక్తల్ చేరుతుంది. పదిన్నరకు ఎక్కితే దిగేసరికి మూడు దాటింది. టికెట్టు మూడు వందల లోపే. మహబూబ్‌నగర్ దాటాక గుట్టలు వెనక్కి తగ్గి ఆకాశం పెద్దదవుతుంది. మక్తల్ దగ్గరపడేకొద్దీ నేల నల్లబడుతుంది. కిటికీ పక్కన కూర్చోండి, ఫోను జేబులో పెట్టుకోండి.

చౌరస్తాలో ఆటో మాట్లాడుకున్నాను, బాలప్ప ఊరికి నూటాయాభై. డ్రైవరు నర్సిములు నన్ను అద్దంలో రెండు మూడుసార్లు చూశాడు.

"ఫారెస్టోళ్లా సారూ?"

"కాదు. జింకలను చూద్దామని వచ్చిన."

"చూసుడెందుకు, ఓ నాలుగు పట్కపోరాదు! వాటికి కిరాయి గూడ అడగ."

బాలప్ప నా వయసువాడే. సన్నగా, ఎండిన మనిషి. నేను దిగగానే కొట్లాటకు సిద్ధంగా ఉంటాడనుకున్నాను. చెంబుతో నీళ్లిచ్చి, కాళ్లు కడుక్కోమన్నాడు. అతని భార్య సాయమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె తట్టుతోంది. కొట్టంలో గుంజకు ఇనుప తీగ చుట్ట ఒకటి వేలాడుతోంది. కొత్తది, ఇంకా మెరుస్తోంది. నేను చూడటం అతను చూశాడు.

"ఇప్పుడున్నది రెండోసారి విత్తిన కంది, సారూ. మొదటిది రెండాకులేసినంక ఒక్క పొద్దుల నున్నగ నాకినయ్. ఇది గూడ పోతే మూడోసారి విత్తనీకె అదునుండదు. అందుకే తీగ దెచ్చి పెట్టుకున్న."

"కరెంటు పెడ్తవా? అది నేరం."

"నాకు జైలు తెల్వదా? జింక మీద నాకేం పగనా?"

పొయ్యి దగ్గర నుంచి సాయమ్మ అందుకుంది. "పెడ్తడంట! పెట్టి నువ్వు జైలుకు పో. నీకు రొట్టెలు మోసుకొచ్చుడు నాకింకో పని."

నేను ఊరుకోలేదు. చట్టం ఎందుకుందో, ఈ జీవాలు దేశంలో ఎన్నిచోట్ల కనుమరుగయ్యాయో అరగంట చెప్పాను. తరగతి గదిలో ముప్పై ఏళ్లుగా అలవాటైన గొంతు నాది. బాలప్ప అంతా విని, రొట్టె తుంచుకుంటూ అన్నాడు: "మంచిదే సారూ. చట్టం జింక పానం కాపాడ్తది. మరి జింక కడుపెవలు నింపాలె? నేనేనా?"

దీనికి జవాబు ఉన్నట్టు నటించేవాళ్లను చాలామందిని ఎరుగుదును, నాతో కలిపి. నష్టపరిహారం ఉందంటారు. నమిలేసిన మొలకను ఫోటో తీసి, జిరాక్సులు పట్టుకుని, పని మానుకుని, ఆఫీసు చుట్టూ తిరగగలిగినవాడికి ఉంది. అడవి జంతువు దేశమంతటి ఆస్తి అన్నప్పుడు, దాని దాణా ఒక్క నాలుగెకరాల మనిషి చేతిలోంచే ఎందుకు పోవాలి? ఈ ప్రశ్న నేను నా బ్లాగులో ఏనాడూ అడగలేదు. తీగను తిట్టడం సులువు.

వాళ్ల మిద్దె మీదే పడుకుని, తెల్లవారి అయిదుంబావుకు లేచాను. ముగ్గురం చేనికి నడిచాం. సాయమ్మ చేతిలో స్టీలు పళ్లెం, ఇనుప గంటె ఉన్నాయి. చేను మధ్యలో కావలి మంచె గాలివానకు ఒక కాలు విరిగి పక్కకు ఒరిగింది. అందుకని గట్టు మీదే నిలబడ్డాం. వెలుగు పరుచుకుంటుండగా వచ్చాయి, పాతిక ముప్పై దాకా. ముందు ఆడ జింకలు, వెనక నల్లటి వీపు, మెలితిరిగిన కొమ్ములతో ఒక పోతు. అబద్ధం ఎందుకు, ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయాను. నేను చూస్తున్నంతసేపూ అవి తింటూనే ఉన్నాయి.

సాయమ్మ పళ్లెం వాయించింది. తలలెత్తి చూశాయి. మళ్లీ దించాయి.

"నా సప్పుడు వాటికి ఎరికె సారూ. సాయమ్మొచ్చింది, మోకాళ్లు నొస్తయ్, ఉర్కదు అనుకుంటయ్. నువ్వు గొట్టు. కొత్త చెయ్యి."

కొట్టాను. తాళం లేదు, తీరు లేదు. మంద మొత్తం గాల్లోకి లేచింది. బాలప్ప నవ్వాడు. "గీ పాటకు జింకలేంది, నేను గూడ ఉర్కుత!"

మంద చేను దాటి ఉత్తరంగా పరుగెత్తింది. అక్కడ పొడుగ్గా కంచె, కందకం, వాటి వెనక ముళ్లతుప్పలు. జింకలు కంచె దాకా వెళ్లి, గిరుక్కున తిరిగి, పక్కవాళ్ల పెసరచేనులో ఆగిపోయాయి. అటు ఎందుకు పోవని అడిగాను. చూపిస్తా రమ్మని బాలప్ప నన్ను కంచె వెంబడి నడిపించాడు. సాయమ్మ చేను దగ్గరే ఉండిపోయింది.

"గదంత బీడుండె సారూ, నడుమెత్తు గడ్డి. కుర్మోళ్లు గొర్లు మేపుతుండిరి. ఎండకాలం మా చేన్ల మంద నిలుపుతుండిరి, గొర్రె ఎరువు మాకు. జింకలు గూడ గా గడ్డిలనే ఉంటుండె. అటెన్క చెట్లు పెడ్తమని కంచె గొట్టిరి. కుర్మోళ్లు గొర్లమ్ముకొని పోయిరి. పెట్టిన మొక్కలు ఎండె, సర్కారు తుమ్మ మొలిచె. తుమ్మల్ల జింకలు పోవు. కుక్క దాగి ఉంటే కనవడది. గవి కండ్లతోని బతికే జీవాలు."

గేటు దగ్గర సిమెంటు పలక ఉంది. మొక్కలు నాటిన సంఘాల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. నాలుగో పేరు మా ఉపాధ్యాయుల సంఘానిది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండ నుంచి రెండు బస్సుల్లో, ఊరి పేరైనా పట్టించుకోకుండా వచ్చాం. బ్యానరు కట్టుకుని, పులిహోర పొట్లాలు తిని, ఈ నేల మీదే నేను మైకు పట్టుకుని మాట్లాడాను. ఈ బంజరును అడవిగా మారుద్దామన్నాను. గడ్డిని బంజరు అనడం ఎవరి నోట నేర్చుకున్నానో కూడా ఆలోచించలేదు. శిస్తు రానిదంతా ఖాళీ అని రాసుకున్న పాత రికార్డుల మాటది. అభ్యుదయవాదిని, అదే మాటను చప్పట్ల మధ్య పలికాను. మొక్క నాటి, ఫోటో దిగి, ఆ రాత్రికే ఇల్లు చేరాను.

బాలప్పకు చెప్పాను. చెప్పకుండా తప్పించుకోవచ్చు కానీ చెప్పాను. అతను పలకను చూశాడు, నన్ను చూశాడు.

"అయితే నీ చెట్టేదో చూపియ్యి సారూ. ఇంత దూరమొచ్చినవు, నీళ్లు పోసి పోదువు."

అతని వెనకే చేను వైపు నడిచాను.

తిరిగి వచ్చేసరికి మంచె నిటారుగా నిలబడి ఉంది. విరిగిన కాలికి కొత్త కర్ర జోడించి సాయమ్మ కట్లు బిగిస్తోంది. ఆ కట్లు మెరుస్తున్నాయి. పక్కనే కటింగ్ ప్లేరు, మూరెడు మూరెడు ముక్కలుగా తెంపిన ఇనుప తీగ. మేం కంచె దగ్గర తిరుగుతుండగా ఇంటికెళ్లి చుట్ట మొత్తం తెచ్చి, పక్కచేనువాళ్ల సాయంతో మంచె ఎత్తింది.

బాలప్ప గొంతు లేచింది. "ఎవల్నడిగి తెంపినవే? మొలక పోతే నువ్వు మొలుస్తవా?"

"ఎవల్నడగాలె? రోజు పొద్దున్నే ఈడ నిలవడేది నేను. జింక సచ్చినా, తెల్వక తీగ తొక్కి ఓ మనిషి సచ్చినా, ముందుగాల చూసేది నేను. నా కండ్లకు అది వద్దు. ఈ మంచెక్కుత, కావలుంట."

బాలప్ప వెళ్లి కర్ర రెండో కొస పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం బాలప్ప నోటుబుక్కులో గ్రామసభకు దరఖాస్తు రాశాను. కంచె తీసి, తుమ్మ కొట్టించి, గడ్డిని గొర్రెలకూ జింకలకూ వదలాలని. అది జరిగేదాకా కావలి కాసే మనిషికి కూలి కట్టివ్వాలని. జీవితంలో ఎన్నో ఘాటైన వ్యాసాలు రాశాను, ఇంత కష్టపడి ఏదీ రాయలేదు. మొదటి వాక్యం, 'ఈ మొక్కలు నాటినవాళ్లలో నేనొకణ్ని.'

మూడింటి బస్సులో తిరిగొచ్చాను. దరఖాస్తు ఏమవుతుందో తెలియదు. ఈ దేశంలో కాగితాల గతి నాకు తెలుసు కాబట్టి గొప్పలు చెప్పను. ఒక్కటి మాత్రం తెలిసింది. మక్తల్ పక్క ఆ ఒక్క చేనులో ఈ వానాకాలం జింక బతికి ఉంటే, దాన్ని కాపాడింది నా బ్లాగు కాదు. ఓ ఆడమనిషి నొప్పి మోకాళ్లతో రోజూ ఎక్కి దిగే ఆ మంచె. అంత బరువు ఆమె మీద వేసి మనం సంరక్షణ అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరును ఇకపై నేను కాస్త సిగ్గుతో పలుకుతాను.

మీరూ వెళ్లండి. కంది రెండాకుల మీదున్నప్పుడు, తెల్లవారి అయిదున్నరకల్లా చేనుగట్టు మీద ఉండేలా వెళ్లండి. కెమెరాతో పాటు ఒక స్టీలు పళ్లెం, గంటె సంచిలో వేసుకోండి. అక్కడ కొత్త చేతికి చాలా విలువ ఉంది.